ఊరికే వచ్చిన సీటు

ఊరికే విమానం ఎక్కిస్తానన్న మనిషిని చిన్నబాబు జీవితంలో మొదటిసారి చూశాడు. చూడగానే అనుమానించాడు.

నందిగామ బస్టాండులో ఆ సాయంత్రం జనం విరగబడి ఉన్నారు. జగ్గయ్యపేట బస్సు ఇంకా ఆగకముందే చిన్నబాబు భుజమ్మీది తువ్వాలు తీసి కిటికీలోంచి సీటు మీదికి విసిరాడు. ఇక ఆ సీటు ఆయనది. తాపీగా టీకొట్టు వైపు నడిచాడు. పేటలో విత్తనాల కొట్టు పెట్టిన నాటినుంచీ ఈ దారిలో ఆయన నిలబడి ప్రయాణం చేసింది లేదు.

ట్రావెల్స్ ఆఫీసు సతీష్‌బాబు అదంతా చూసి నవ్వాడు.

"మీలాంటివాళ్లే కావాలండి మాకు," అన్నాడు. గురువారం పొద్దున్నే గన్నవరంలో విమానం ఎక్కాలట. పెద్ద సిటీలో దిగాలట. సాయంత్రానికి వెనక్కి తెచ్చేస్తారట. ఇంట్లోవాళ్లనీ తీసుకురావచ్చు. టికెట్లు, భోజనం, గన్నవరం దాకా కారు, అన్నీ వాళ్లవే.

"నేనేం చెయ్యాలయ్యా?"

"ఏమీ చెయ్యక్కర్లేదండి. కూర్చుంటే చాలు."

బస్సులో చిన్నబాబు లెక్క వేసుకున్నాడు. తనకి లాభం లేకుండా ఎవడూ ఏదీ ఇవ్వడు. తన దగ్గర కాజెయ్యడానికి ఉన్నది ఒక్కటే, చిల్లకల్లు దగ్గర హైవే పక్కనున్న గోడౌన్ స్థలం. కొన్నాళ్లుగా ఎవరో బ్రోకర్ల చేత అడిగిస్తున్నారు. తను ఇవ్వనంటున్నాడు. రేపు కొట్టు మూతపడ్డా తనకంటూ మిగిలేది అదే.

అలాగని ఊరికే వచ్చినదాన్ని వదులుకోవడమూ నష్టమే. పైగా విమానం అనగానే భార్య కృష్ణప్రియ పట్టుచీర బయటికి తీసింది. గోడౌన్‌కి రెండో తాళం వేసి, బామ్మర్దిని కాపలా పెట్టి బయల్దేరాడు.

"వేలిముద్ర అడిగితే చెయ్యి బయటికి తియ్యకు. ఏం పెట్టినా తినకు," అని కార్లో భార్యకి చెబుతూనే ఉన్నాడు. పరిటాల దగ్గర ఆవిడ ఆంజనేయస్వామికి దండం పెట్టుకుంది. ఆయన మాత్రం వెనకెవరైనా వస్తున్నారేమోనని అద్దంలోకి చూశాడు.

విమానం ఎక్కాక అనుమానం ముదిరింది. చాలావరకు తెలిసిన మొహాలే. కంచికచర్ల కిరాణా ఆయన ఉన్నాడు. వీరులపాడు ఆరోగ్యమ్మ తన చర్చివాళ్లతో వచ్చింది. ఒక్కరి దగ్గరా పెట్టె లేదు. ఆ సిటీలో ఒక్కరికీ పని లేదు. ఆరోగ్యమ్మ ఇంతకుముందు కూడా వచ్చిందట. ఎవరూ ఒక్క సంతకమైనా అడగలేదట.

అంటే మెల్లగా నమ్మిస్తున్నారన్నమాట.

ఎయిర్‌హోస్టెస్ వరుసవరుసకీ తలలు లెక్కపెడుతూ వచ్చింది. బాత్రూముకని లేచిన చిన్నబాబుని ఆపి, "లెక్కయ్యేదాకా కూర్చోండి సర్," అంది. ఆయన ఆధార్ కార్డున్న జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

సిటీలో ఎవరూ రాలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. ఎయిర్‌పోర్టులోనే కూర్చోబెట్టి, అన్నం పొట్లాలిచ్చి, మళ్లీ ఎక్కించారు. చిన్నబాబు తన పొట్లం ముట్టుకోలేదు. అదీ కృష్ణప్రియే తినేసింది.

గన్నవరంలో దిగగానే బామ్మర్దికి ఫోన్ చేశాడు. గోడౌన్ తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయన్నాడు. అది విన్నాక ఇంకా కంగారు పుట్టింది. బయట కారు దగ్గర నిలబడ్డ సతీష్‌బాబుని పక్కకి లాగాడు.

"నిజం చెప్పు. నా స్థలం కోసమేగా ఇదంతా?"

సతీష్‌బాబు తెల్లబోయాడు.

"మీ స్థలమేంటండీ? ఆ ఎయిర్‌పోర్టులో పొద్దుటిపూట విమానం దిగే టైములన్నీ మన దేశంలో తిరిగే విమానాలకే అని పక్కన పెట్టారండి. అందులో ఈ విమానాల కంపెనీకి ఒకటి దొరికింది. విమానం ఖాళీగా తిరిగితే ఆ టైము తీసేసి ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు. టికెట్టు కొనేవాళ్లేమో పెళ్లిళ్ల సీజనుకి గానీ రారు. అందాకా దాన్ని నిలబెట్టుకోవాలి కదండీ. వచ్చే గురువారం కూడా వస్తారా?"

చిన్నబాబు చెయ్యి తనకి తెలియకుండానే భుజం మీదికి వెళ్లింది.

తువ్వాలు అక్కడే ఉంది గానీ, పొద్దున కిటికీలోంచి ఆ కంపెనీ విసిరిన తువ్వాలు తనే.