మేకుకి వేలాడిన తాళంచెవి

ఊళ్ళో సగం తలుపులకి తాళాలు బిగించినవాణ్ణి నేను. నా కొడుక్కి ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా, ఇంటి తాళంచెవి జేబులో వేసుకోవడం మాత్రం రాలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి దొరగారు వేంచేసి బెల్లు కొడతారు. వాళ్ళమ్మ పొయ్యి మీద గిన్నె వదిలేసి, మోకాళ్ళు పట్టుకుని వచ్చి తలుపు తీయాలి.

ఇక లాభం లేదని ఆదివారం తలుపుకి కొత్త తాళం బిగించాను. తాళంచెవులు రెండే. ఒకటి మా ఆవిడ చేతిలో పెట్టి, రెండోది నాకని గోడ మేకుకి తగిలించాను.

"రేపట్నుంచి బెల్లు కొడితే తలుపు తియ్యకు. నాలుగు రోజులు వీధిలో నిలబడితే వాడే వేరే గది చూసుకుంటాడు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరు కొట్టినా తియ్యొద్దా?"

"ఎవరు కొట్టినా సరే."

సోమవారం సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి బెల్లు కొట్టాను. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాను. లోపల గరిటె చప్పుడు తాపీగా వినిపిస్తూనే ఉంది.

జేబులు తడుముకుంటుంటే వెనకాల మావాడు వచ్చి నిలబడ్డాడు.

"తాళంచెవి లేదా నాన్నా?"

"ఇంట్లో ఉండిపోయింది."

వాడు చొక్కా జేబులోంచి కొత్త తాళంచెవి తీసి, నన్ను కొంచెం పక్కకి జరగమన్నాడు.

"ఇది మేకుకి ఉన్నదే. పొద్దున అమ్మ నాకిచ్చింది. నువ్వెలాగూ తీసుకెళ్ళవు, ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నానంది."