ఎడమవైపు క్యాన్

ఫిల్మ్ నగర్ గుట్ట మీద కడుతున్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు రెండు రోజులుగా ట్యాంకర్ రాలేదు. పనివాళ్ళ గుడిసెల్లో కుండలన్నీ ఎండిపోయాయి. వాచ్‌మన్ అంజిలయ్య భార్య బుచ్చమ్మ వాంతులతో పడి ఉంది.

పొద్దుగూకాక అంజిలయ్య షేక్‌పేటలో రెండు క్యాన్లు నింపి, సైకిల్ క్యారియర్‌కు చెరోవైపు కట్టి, ఎత్తు మీదికి నెట్టుకొస్తున్నాడు. రెండూ సమంగా బరువుంటేనే సైకిల్ నిలబడుతుంది.

సగం దారిలో సైకిల్ కుడివైపుకు ఒరిగింది. ఎడమ క్యాన్ తడిమి చూశాడు. సగం ఖాళీ అయింది. మూత బిగించే ఉంది. రోడ్డు మీద చుక్క తడి లేదు.

వెనక నుంచి గుటకల చప్పుడు వినిపించింది.

అతను తిరిగి చూడలేదు. నీళ్ళు మోసేవాడు దూప అన్నవాళ్ళకు లేదనకూడదని వాళ్ళమ్మ చెప్పేది.

“దూపైతుందా? తాగు,” అన్నాడు.

గుటకలు జోరందుకున్నాయి. ఎడమ క్యాన్ పూర్తిగా తేలికైపోయింది. తర్వాత కుడి క్యాన్ కదిలింది.

“ఏయ్, గిది ముట్టకు! నా పెండ్లానికి గివే ఉన్నయి. ఇగ చాలు, పో!”

చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

గుడిసె ముందు జనం మూగి ఉన్నారు. తాపీమేస్త్రీ భార్య బాలమణి ఎదురొచ్చింది.

“ఇంతసేపు ఏడున్నవ్ అన్నా? వదినె పానం పోయి గంటైంది. దూప, దూప అనుకుంటనే పోయింది. నోట్ల పోద్దామంటే చుక్క లేకపాయె.”

అతను లోపలికి వెళ్ళి దీపం ఎత్తాడు. బుచ్చమ్మ పెదవులు, గడ్డం తడిగా ఉన్నాయి.

నోరు ఇంకా తెరిచే ఉంది.