కొత్త గేర్లు

"పక్కకు జరుగు వెర్నా, వచ్చేస్తున్నా!" అని అరిచాడు ఎమిల్.

పిట్స్‌బర్గ్‌లో వాళ్ల వీధి నిట్టనిలువు. మోకాళ్లు నొప్పెట్టకుండా అది ఎక్కాలని, పాత రేసు సైకిలుకి ఆ ఉదయమే కొత్త గొలుసు వేసి, వెనక చక్రానికి భోజనం పళ్లెమంత గేరు బిగించాడు. ఇప్పుడు కాళ్లు గిరగిరా తిరుగుతున్నాయి గానీ సైకిలు కదిలీ కదలనట్టుంది.

కుక్కతో షికారుకు బయలుదేరిన భార్య వెర్నా అతని పక్కనే నడుస్తోంది.

"ఏమయ్యా, కాళ్లతో వెన్న చిలుకుతున్నావా?"

"నవ్వకు. మోకాలు కలుక్కుమనలేదు, తెలుసా!"

"కుక్క కూడా నీకోసం ఆగింది, చూడు."

ఎమిల్‌కీ నవ్వొచ్చింది. టమాటా మొక్కల గురించీ, పక్కింటావిడ కొత్త విగ్గు గురించీ మాట్లాడుకుంటూ పైకి చేరారు.

"మరీ నత్తనడక. రేపే పాత గేర్లు పెట్టేస్తా" అన్నాడు ఎమిల్.

వెర్నా హ్యాండిలు పట్టుకుంది. "వద్దు. ఇద్దరం సైకిళ్ల మీద తిరిగినన్నాళ్లూ నీ వీపే చూశాను. అందుకే మానేశాను."

"నడుంనొప్పి అన్నావుగా?"

"అన్నాను."

ఎమిల్ సైకిలు దిగి, దాన్ని నడిపించుకుంటూ ఆమెతోపాటు కిందికి వెళ్లాడు, మళ్లీ ఎక్కడానికి.