తీసేసిన మూడో అధ్యాయం

తన థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం డిలీట్ కొట్టాక వసుంధర వెళ్ళి చేతులు కడుక్కుంది.

రెండేళ్ళ చాకిరీ అది. జపాన్‌లో ఒక కొండవాలు గుడి చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, పాత రాతలన్నీ చదివించుకుని తేల్చిన విషయం. పదమూడు వందల ఏళ్ళ కిందట రాజ్యం కూలిపోతే పడవలెక్కి పారిపోయి వచ్చిన కొరియావాళ్ళు కట్టుకున్న గుడి అది. లోపల పూజలందుకుంటున్నది వాళ్ళ నాయకుడే.

"స్కాలర్‌షిప్ ఇచ్చేది జపాన్ పెద్దాయన. ఆయన ముందే ఆ గుడి కొరియావాళ్ళదంటావా? అసలే వాళ్ళకి కొరియా అంటే చిన్నచూపు. గోవిందా!" అంది రూమ్మేట్ అలేఖ్య. ఈ పరాయి ఊళ్ళోనే పాయా లేబర్ అనే పేటలో వై టూ కె ప్రాజెక్టు చేస్తోంది. "అది పోతే పీహెచ్‌డీ లేదు, వీసా లేదు. ఊరంతా జావా నేర్చుకుంటుంటే నువ్వు గుళ్ళు పట్టుకున్నావ్. కనీసం లౌక్యమైనా నేర్చుకోవే!"

నేర్చుకుంది.

మర్నాడు యూనివర్సిటీలో ఇంటర్వ్యూ. ఎదురుగా మొరీటా కూర్చున్నాడు. ఎనభై ఏళ్ళుంటాయి. డబ్బు ఆయనదే, చివరి మాటా ఆయనదే.

కొరియావాళ్ళు అనాల్సిన ప్రతిచోటా వసుంధర "స్థానిక రైతులు" అంది. అన్నప్పుడల్లా నోరు చేదెక్కింది. పైగా నవ్వింది కూడా. ఆ నవ్వు తలుచుకుంటే తన మీద తనకే రోత పుట్టింది.

మొరీటా ముందుకు వంగాడు. "ఆ గుడి కట్టిందెవరమ్మా?"

"అక్కడి రైతులేనండీ."

"బయటినుంచి ఎవరూ రాలేదా?"

"లేదండీ."

"బాగా చూశావా?"

"చూశాను సార్. ఎవరూ రాలేదు."

ఆయన మొహం అసహ్యంతో ముడుచుకుపోయింది. ఫైలు మూసి బయటికి నడిచాడు.

ఛీ, ఇంత అబద్ధమాడినా ఈ ముసలాడికి అనుమానం తీరలేదు అనుకుంది వసుంధర. వీళ్ళ పరువు కోసం ఇంకెంత దిగజారాలి?

సాయంత్రం గైడు కృష్ణప్రసాద్ పిలిచాడు. "స్కాలర్‌షిప్ నీకు రాలేదమ్మా. అబద్ధం రాసే పిల్లకి పైసా ఇవ్వనన్నాడు."

"అదేంటి సార్! ఆయనకి నచ్చని ముక్క ఒక్కటి లేకుండా చెప్పానుగా!"

"నాకూ ఇప్పుడే తెలిసింది," అన్నాడు కృష్ణప్రసాద్. "ఆ కొరియా నాయకుడి వంశంలో ఆయనది యాభై ఎనిమిదో తరమట!"