ఇద్దరూ వాడాలి

"ఎక్కణ్ణించి అంటించుకొచ్చావు?" అన్నాడు భర్త, ల్యాబ్ రిపోర్టు మంచం మీదికి విసిరేసి.

ఆమెకు ముందు అర్థం కాలేదు. తనని అనుమానిస్తున్నాడని కాసేపటికి తెలిసింది. రెండేళ్ళుగా వదలకుండా పీడిస్తున్న యోని ఇన్ఫెక్షన్‌కు అసలు కారణమేమిటో ఇవాళ తేలిందని, పిచ్చిది, సంబరపడుతూ తెచ్చి ఆ కాగితం ఆయన చేతిలో పెట్టింది. పక్కగదిలో అత్తగారు టీవీ చూస్తోంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మాట ఆవిడ కూడా వినేదే.

ఆ రెండేళ్ళు ఎలా గడిచాయో ఆమెకే తెలుసు. ఆమె పని బస్ స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్లో. దురద, మంట, తెల్లబట్ట మొదలయ్యాయంటే కుర్చీలో కూర్చోలేకపోయేది. నిలబడే టికెట్లు ఇచ్చేది. డ్రైవర్లు 'నిలబడే మేడం' అని పేరు పెట్టారు. అడిగినవాళ్ళకు నడుంనొప్పి అని చెప్పేది. మధ్యలో బాత్రూముకు వెళ్తే క్యూలో జనం గొణిగేవాళ్ళు. ఇక ఇంట్లో అత్తగారు ఆమెకు బకెట్ వేరు చేసింది, సబ్బు వేరు చేసింది. శుభ్రం లేకపోతే ఇంతేనని ఇంటికొచ్చిన వాళ్ళందరి ముందూ దెప్పేది. ఆ మాట పడలేక రోజుకు నాలుగుసార్లు సబ్బుతో కడుక్కుని, ఉన్న మంటను రెట్టింపు చేసుకుంది. ఎన్ని క్రీములు రాసినా తగ్గినట్టే తగ్గి రెండు నెలలకు మళ్ళీ మొదటికొచ్చేది.

ఈసారి కొత్త డాక్టరమ్మ పరీక్ష చేయించింది. ఇది భార్యాభర్తల మధ్య అటూ ఇటూ తిరిగే క్రిమి అంది. ఒక్కరు వాడితే లాభం లేదు, ఇద్దరూ ఒకేసారి ఏడు రోజులు మాత్రలు వేసుకోవాలంది. మగవాళ్ళలో చాలామందికి పైకి ఏ బాధా ఉండదట. ఎప్పుడు వచ్చిందో చెప్పలేం, ఒకరినొకరు అనుమానించుకోకండని కూడా చెప్పి పంపింది. ఆమె ఆ ముక్కలన్నీ పూసగుచ్చినట్టు భర్తకు చెప్పింది.

"జబ్బు నీకుంటే మాత్రలు నేనెందుకు మింగాలి?"

"మీరు వేసుకోకపోతే నాకు మళ్ళీ వస్తుందండీ. ఇంక నావల్ల కాదు."

ఆయన లిఫ్టులు రిపేరు చేస్తాడు. నెలలో పది రోజులు పొరుగూళ్ళలోనే ఉంటాడు. తను ఊళ్ళో లేనప్పుడు ఇక్కడ ఏం వెలగబెడుతోందో తనకేం తెలుసన్నాడు. పొద్దస్తమానం మగాళ్ళతో ఇకఇకలు పకపకలు, ఊరికే పోతాయా అన్నాడు.

మంట భరించింది. వేరే బకెట్టూ భరించింది. ఈ మాట మాత్రం భరించలేకపోయింది. లోకమంతా ఏమన్నా ఈ మనిషి తనని నమ్ముతాడనుకుంది. ఆ నమ్మకమే ఇవాళ నిలువునా ముంచింది. ఏడ్చింది, బతిమాలింది, పిల్లల మీద ఒట్టేసింది.

చివరికి ఆయన మెత్తబడ్డాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. ఉద్యోగం మానెయ్యాలి. మానేస్తే మాత్రలు వేసుకుంటాడు, రిపోర్టు సంగతి అమ్మ చెవిన పడనివ్వడు, జరిగిందేదో మర్చిపోతాడు.

ఆ ఇంట్లో ఆమె మాటకు ఆమాత్రం విలువ ఉందంటే ఆ ఉద్యోగం వల్లే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా తెల్లకాగితం తెచ్చుకుని, అనారోగ్యం వల్ల రాజీనామా చేస్తున్నానని రాసి సంతకం పెట్టింది. చెయ్యని తప్పుకు క్షమాపణ రాసినట్టే అనిపించింది. ఆయన రెండుసార్లు చదివి, బాగానే రాశావన్నాడు.

గెలిచాడు కదా, ఇక ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. తనే వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చాడు. పక్కన కూర్చుని కళ్ళు తుడిచాడు. ఆమె మాత్రల అట్ట చింపింది. ఆ మందు ఆ ఇంట్లోకి రావడం అదే మొదటిసారి. మాత్ర బాగా పెద్దది. ఎలా మింగాలో తెలియక రెండు ముక్కలు చేయబోయింది.

ఆయన నెమ్మదిగా ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"విరగ్గొట్టకు, గబుక్కున మింగెయ్. లేకపోతే నోరంతా ఇనుము నాకినట్టు చేదెక్కి మూడు రోజులు తిండి సయించదు. నాకు రెండుసార్లూ అలాగే అయింది."