తగినంత వెటకారం

"రత్నంగారూ, ఇది బొమ్మిడాయిల పులుసాండీ, గోదారి వరద నీరాండీ?"

'రాజోలు రుచులు' వాట్సాప్ గ్రూపులో ప్రసన్నకుమారి గొంతు మోగింది. వెనకాలే పగలబడి నవ్వే బొమ్మలు వరసకట్టాయి.

ఆ గ్రూపు పెట్టింది ఆవిడే. ఎవరు ఏం వండినా అక్కడ ఫొటో పెట్టాలి, ఆవిడ తీర్పు చెప్పాలి. ఫలానా వంట ఎలా చెయ్యాలని అడిగితే కాదనదు, చెబుతుంది. ఉప్పు తగినంత, కారం తగినంత, చింతపండు తగినంత. ఆ 'తగినంత' అంటే ఎంతని అడిగితే మాత్రం "అది చేతికి తెలియాలండీ" అని ఊరుకుంటుంది. మిగతావాళ్ళూ తక్కువ తినలేదు. అడిగితే అందరూ చెబుతారు, అందరూ ఏదో ఒకటి మింగేస్తారు. పక్కింటి పులుసు తమ పులుసు కంటే బాగుంటే ఇంకేమైనా ఉందా!

రత్నంగారు ఆ గ్రూపుకి కొత్త. వంటకీ కొత్తే. మా వైపు మనిషిని ఎంత తీసిపారేసినా పేరు చివర 'గారు' మాత్రం తియ్యం. అంచేత రత్నంగారు గారులూ అండీలతో సహా రోజూ చీవాట్లు తింటున్నారు.

"మా అమ్మగారు నన్ను వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదండి," అన్నారు ఓసారి, సంజాయిషీగా.

"అదేదో గొప్పలా చెబుతున్నారే!" అంది ప్రసన్నకుమారి.

ఆ ఒక్క విషయంలో ఆవిడతో పేచీ లేదు. గొప్పేం కాదు.

కానీ ఇప్పుడు రత్నంగారికి నేర్చుకోక తప్పదు. మస్కట్‌లో ఎవరింట్లోనో వంట చేస్తున్న సువర్ణ మూడేళ్ళ తరవాత సెలవు మీద ఇంటికొస్తోంది. వాళ్ళకి వండి వండి తన చేతి వంటంటే తనకే మొహం మొత్తిందని ఫోన్లో చెప్పింది. మనింట్లో కూర్చుని బొమ్మిడాయిల పులుసు తినాలనుందనీ, తను మాత్రం గరిటె ముట్టననీ అంది. ఎన్నడూ ఏదీ అడగని మనిషి అడక్క అడక్క అడిగింది. "అలాగే" అనేసి ఫోన్ పెట్టేశాక రత్నంగారికి చెమటలు పట్టాయి.

సంగతి విని ప్రసన్నకుమారి జాలిపడింది. ఆవిడ జాలి కంటే తిట్టే నయం.

"పాపం, అంత దూరం నుంచి వచ్చి సువర్ణ మీ వంట తినాలాండీ? నా పులుసు కేరేజీలో తెస్తాలెండి. వంట పుట్టుకతో రావాలి. కొందరికి రాదు."

ఆ మాట రత్నంగారికి ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు పంతంగా మళ్ళీ పులుసు పెట్టారు. చేపలన్నీ చితికి ముద్దయిపోయాయి. ఆ ఫొటో పెట్టీ పెట్టకముందే పక్కింటి కాంతమ్మ గోడ మీంచి తల పెట్టింది.

"గరిటెతో తిప్పేరా ఏంటండీ? అవి బొమ్మిడాయిలండీ, ఉప్మా కాదు! దాక పట్టుకుని కుదపాలి గానీ!"

రత్నంగారు చటుక్కున తలెత్తారు. మొన్న ఇదే పులుసు ఎలా పెట్టాలో చెప్పినప్పుడు ఇదే కాంతమ్మ గరిటె ఊసే ఎత్తలేదు.

అప్పుడు దొరికింది కిటుకు. బతిమాలితే దాచేవాళ్ళు, వెక్కిరించేటప్పుడు కక్కేస్తారు.

ఇక రత్నంగారు సిగ్గు విడిచేశారు. చేపలు సరిగ్గా కడక్కుండా వండి ఫొటో పెట్టారు.

"ఆ జిగురేంటండీ, ఛీ! బూడిదేసి రుద్దలేదా?"

పులుపు చాలకుండా ఒకసారి పెట్టారు.

"పచ్చిమామిడి ముక్క పడకపోతే మా పిల్లి కూడా ముట్టదండీ!" అంది ప్రసన్నకుమారి.

ప్రతి చీవాటుకీ "ఆయ్, ఆయ్" అంటూ తల ఊపారు. పాడైన పులుసులన్నీ తామే తిన్నారు. పిల్లి విషయంలో మాత్రం ప్రసన్నకుమారి చెప్పింది నిజమేనని తేలింది.

చివరికి అసలు రహస్యం కూడా ఆవిడ నోరే జారింది. పొగలు కక్కుతున్న దాక ఫొటో చూసి ఉండబట్టలేకపోయింది.

"పెట్టిన పూటే తింటారటండీ పులుసు! ముందురోజు పెట్టి మర్నాడు తింటేనే కదండీ ముక్కకి పట్టేది. ఆ మాత్రం తెలీదా?"

"ఆయ్, తెలీదండి," అన్నారు రత్నంగారు, ఎంతో వినయంగా.

సువర్ణ వచ్చిన రోజున ప్రసన్నకుమారి కేరేజీతో సహా హాజరైంది. వెంట కాంతమ్మ. తమాషా చూడాలి కదా మరి. బల్ల మీద మట్టి దాకలో నిన్నటి పులుసు సిద్ధంగా ఉంది. ముక్క చెదరలేదు, నూనె పైకి తేలింది. కాంతమ్మ వంగి చూసి, మూతి తిప్పుకుంది.

సువర్ణ పెట్టె కూడా విప్పకుండా కూర్చుంది. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద తింది. కేరేజీ మూత మీద ప్రసన్నకుమారి చెయ్యి అలాగే ఉండిపోయింది. రత్నంగారు గుమ్మానికి ఆనుకుని, కాలిన వేళ్ళు వీపు వెనక దాచుకుని నిలబడ్డారు. ఊపిరి కూడా తగినంతే పీలుస్తున్నారు.

కంచం తుడిచినట్టు ఖాళీ చేసి సువర్ణ తలెత్తింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. గొంతులో మాత్రం అసలైన రాజోలు వెటకారం పలికింది. రత్నంగారి వైపు తిరిగి అంది:

"ఏవండీ, మొగుడి చేతి పులుసు తినడానికి నేను మస్కట్ దాకా వెళ్ళి రావలసొచ్చిందండీ!"