రేకు విప్పొద్దు

ఆ ముసలాయన మూడు రోజులుగా కంపెనీ గేటు దగ్గర నిలబడుతున్నాడు.

"మీతోనే మాట్లాడాల్నట మేడమ్. ఎంత చెప్పినా పోతలేడు," అన్నాడు వాచ్‌మన్ మల్లన్న.

చౌటుప్పల్ దాటాక ఉన్న ఆ మందుల కంపెనీలో మెషిన్ల బాగోగులన్నీ చూసేది ఉమారాణే. విసుక్కుంటూనే గేటు దాకా వచ్చింది.

ఆయన సంచిలోంచి రెండు వస్తువులు తీశాడు. ఒకటి నురగలా పొంగించి చేసిన నల్లటి గాజు దిమ్మ, నిండా సన్నటి బొక్కలు. రెండోది రాక్‌వుల్, అంటే రాతిని కరిగించి తీసిన దూది తునక.

"మీ వేడినూనె పైపులకు గీ గాజు దిమ్మలు ఉండె గదా. తీసేసి గీ దూది చుట్టిన్రట?"

"అవును. దిమ్మలు పగిలినయ్. అయితే ఏంది?"

ఆయన చిన్న సీసా తీసి దిమ్మ మీద ఒక నూనె చుక్క వేశాడు. చుక్క పైనే నిలిచింది.

దూది మీద వేశాడు. చుక్క కనబడకుండా పోయింది.

"రెండూ వేడిని ఆపుతయ్ బిడ్డా. కాని గాజు దిమ్మల బొక్కలు దేనికది మూసుకొని ఉంటయ్, నూనె లోపటికి పోదు. దూదైతే తాగుతది. వాల్వు కాడ జర కారినా చాలు, తాగిన నూనె లోపల్లోపల్నే రాజుకుంటది. పైన రేకు చుట్టి ఉంటది, మీకు కనబడది."

"కారితే బంద్ చేస్తం తియ్యి."

"మాడు వాసనొస్తే మాత్రం రేకు విప్పొద్దు. గాలి తగిలిందా, భగ్గుమంటది. గా ఒక్క మాట మీ పనోళ్లకు చెప్పు."

ఉమారాణి నవ్వింది.

"ఏ గాజు కంపెనీ తరఫున వచ్చినవ్ తాతా?"

ఆయన ఏదో చెప్పబోయి తల దించుకున్నాడు.

"మల్లన్నా, రేపటి సంది ఈయన్ని ఈడ నిలబడనియ్యకు."

పోతూ పోతూ ఆయన ఆగి, లోపల ఎండకు మెరుస్తున్న పైపుల వైపు చాలాసేపు చూశాడు.

ఆ తర్వాత పదకొండో రోజు పొద్దున బాయిలర్ ఆపరేటర్ శివకృష్ణ ఫోన్ చేశాడు.

"మేడమ్, మూడో వాల్వు కాడ మాడు వాసనొస్తాంది. పొగ అయితే లేదు."

ఉమారాణి మీటింగులో ఉంది. "రేకు విప్పి చూడు," అని పెట్టేసింది.

పెట్టేశాక ముసలాయన మాట గుర్తొచ్చింది.

మళ్లీ ఫోన్ చేసింది. మోగుతోంది. ఎత్తడం లేదు.

కిటికీ అద్దాలు అదిరాయి.

శివకృష్ణ దవాఖానలో రెండు రోజులు బతికాడు. "మీరు విప్పుమన్నరనే విప్పిన మేడమ్," అన్నాడు చివరిసారి, చెప్పిన పని చెప్పినట్టే చేశానన్నట్టు.

అతని దినాలు కాకముందే ఉమారాణి ఆ దూది బిల్లు పట్టుకుని నల్గొండ బస్సెక్కింది. ఫోన్‌లో ఆర్డరిస్తే లారీలో వచ్చిన సరుకు అది. అమ్మినవాడి మొహం కంపెనీలో ఎవరూ చూడలేదు.

దుకాణానికి బోర్డు పీకేసి ఉంది. లోపల చీకట్లో పైకప్పు దాకా దూది కట్టలు. ఒక్కోదానికి ఒక్కో కంపెనీ పేరు, కింద 'వాపస్ తీసుకున్నం' అని చీటీ.

ఆమె గడపలోనే నిలబడి అరిచింది.

"మండుతదని తెలిసి కూడ అమ్మిన్రు! మా పిల్లగాడు పోయిండు. ఒక్క మాట ముందే చెప్పొద్దా?"

కట్టల వెనుక నుంచి మెల్లగా లేచి వచ్చిన ఆ దుకాణం యజమాని, గేటు దగ్గర నిలబడనియ్యొద్దని ఆమె పంపించేసిన ముసలాయనే.